షో అయిపోయాక మొదలయ్యే పని: నాటకరంగంలో రాత్రిపూట పరిచయాలు పెంచుకోవడం ఎలా, మొత్తం గైడ్

నాటకాల్లో పని ఎలా దొరుకుతుందని అడిగితే అందరూ ఆడిషన్ అనే చెప్తారు. కరెక్టే, కానీ ఆ ఆడిషన్‌కి ఎవర్ని పిలుద్దాం అన్న మాట ఎక్కడ పుడుతుందో చూస్తే, చాలాసార్లు అది ఏదో షో అయిపోయాక రాత్రి పదకొండింటికి, చెవుల వెనకాల మేకప్ ఇంకా అలానే ఉన్న మొహాలతో నలుగురు కూర్చుని తింటూ మాట్లాడుకునే చోట పుడుతుంది. "ఆ అక్క పాత్రకి ఎవరున్నార్రా?" అని ఒకరంటారు, "మొన్న డాక్టరుగా వేసిందే, ఆ అమ్మాయైతే బాగుంటుంది, టైముకొస్తుంది, పేచీలుండవు" అని ఇంకొకరంటారు. అంతే, పేరు లిస్టులోకి ఎక్కేసింది. ఆ అమ్మాయి అప్పటికి ఇంటికెళ్ళి పడుకునుంటుంది కూడా.

దీన్ని చూసి "అంతా కాకా పట్టడమే" అని కోపం తెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. నాకైతే అలా అనిపించదు. డైరెక్టర్ వైపు నుంచి చూడండి: ఐదారు వారాలు ఒకే గదిలో, తిట్లూ అలసటా బడ్జెట్ టెన్షన్ల మధ్య మీతో గడపాలి, ఆ తర్వాత షోలు. టాలెంట్ ఆడిషన్‌లో ఐదు నిమిషాల్లో కనబడుతుంది, మనిషి కనబడడు. మనిషి ఎలాంటివాడో తెలిసేది ఈ రాత్రుళ్ళలోనే.

ఈ గైడ్ అంతటికీ వెనకున్న నా అభిప్రాయం ఒక్కటే, ముందే చెప్పేస్తా. రాత్రిపూట పని అడక్కండి, పైవాళ్ళ చుట్టూ తిరక్కండి, మీ పక్కన ఉన్నవాళ్ళని చూసుకోండి. ఈ రోజు మీతోపాటు చిన్న వేషం వేసినవాడే నాలుగేళ్ళ తర్వాత సొంత ట్రూప్ పెడతాడు, ఈ రోజు తెర వెనక నుంచి డైలాగులు అందిస్తూ ప్రాంప్టింగ్ చేస్తున్న అమ్మాయే రేపు డైరెక్ట్ చేస్తుంది. వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ భుజాల మీద నుంచి పెద్ద డైరెక్టర్ ఎక్కడున్నాడా అని వెతికే కళ్ళు ఉంటాయి చూడండి, అవి అందరికీ తెలిసిపోతాయి.

మెట్టు 1: అది ఏ రకం రాత్రో ముందు తెలుసుకోండి

షో తర్వాత కూర్చోవడాలన్నీ ఒకటి కాదు. రిహార్సల్ అయ్యాక టీ తాగుతూ నిలబడేది ఒక రకం, అక్కడ మాటలన్నీ ఆ రోజు సీన్ల గురించే ఉంటాయి, బయటివాళ్ళెవరూ ఉండరు, కొత్తవాళ్ళకి ఇదే బెస్ట్ చోటు. మొదటి షో రాత్రి పార్టీ ఇంకో రకం: స్పాన్సర్లు, బంధువులు, రివ్యూలు రాసేవాళ్ళు, అందరూ ఉంటారు, ఎవరితోనూ రెండు నిమిషాలకి మించి మాట్లాడలేరు, కాబట్టి అక్కడ పెద్ద ఆశలు పెట్టుకోకండి. మొహాలు చూపించుకుని, కంగ్రాట్స్ చెప్పుకుని, వచ్చేయడమే.

మధ్యవారం మామూలు షో తర్వాత ఓ ఐదుగురు మిగులుతారు చూడండి, ఆ రాత్రి అసలైనది. ఒత్తిడి లేదు, రివ్యూలు అయిపోయాయి, జనం తక్కువ, మాట సాగుతుంది. ఒక్క రాత్రే ఉండగలను అనుకుంటే ఓపెనింగ్ మానేసి ఇలాంటిది ఎంచుకోండి.

ఇక ఆఖరి షో రాత్రి సెట్ విప్పేది, దాని గురించి కింద విడిగా చెప్తా, ఎందుకంటే నటులు ఎక్కువమంది వదిలేసుకునేది దాన్నే.

మెట్టు 2: బయల్దేరేముందు పది నిమిషాల హోమ్‌వర్క్

వేరేవాళ్ళ షోకి వెళ్తుంటే బ్రోచర్‌లో పేర్లు చదవండి, నటుల పేర్లు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉంటాయే లైటింగ్, సౌండ్, కాస్ట్యూమ్స్, తెర వెనక షో నడిపించే స్టేజ్ మేనేజర్, అవి. నటుడికి పొగడ్తలు రోజూ వస్తాయి. "రెండో సీన్ చివర కిటికీ నుంచి వచ్చిన ఆ లైటు మీదేనా?" అని లైట్ డిజైనర్ని పేరు పెట్టి అడిగేవాడు ఏడాదికొకడు దొరుకుతాడేమో, ఆ ఒక్కణ్ణి అతను మర్చిపోడు.

ఇంకోటి, తిని వెళ్ళండి. ఆకలిమీదుంటే చిరాకు, ఖాళీ కడుపుతో తాగితే నోరు జారడం, రెండూ ఈ ఫీల్డులో ఖరీదైనవే.

ఎవర్ని కలవాలి అని లిస్టు రాసుకోమని కొందరు సలహా ఇస్తారు, నేనివ్వను. లిస్టు జేబులో ఉన్నవాడు ఇతరులతో మాట్లాడుతున్నా లిస్టు గురించే ఆలోచిస్తాడు. దానికి బదులు ఒక ప్రశ్న పట్టుకెళ్ళండి, మీకు నిజంగా జవాబు కావాల్సింది: ఆ తిరిగే సెట్ చప్పుడు లేకుండా ఎలా తిప్పారు, అంత వయసు పాత్రకి గొంతు ఎలా పట్టుకున్నారు, అలాంటిది.

మెట్టు 3: తెర పడ్డాక మొదటి ఇరవై నిమిషాలు (మీ సొంత షో అయితే)

పరిచయాల సంగతి తర్వాత, ముందు మీ ప్రాపర్టీస్ (స్టేజి మీద వాడే వస్తువులు) టేబుల్ మీద వాటి చోట్లో పెట్టండి, కాస్ట్యూమ్ హ్యాంగర్‌కి తగిలించండి, చిరిగితే ఆ విషయం ఇప్పుడే చెప్పండి. షో అవ్వగానే కత్తీ కిరీటం కుర్చీలో విసిరేసి బయట అభిమానుల దగ్గరికి పరిగెత్తే నటుడి గురించి స్టేజ్ మేనేజర్ ఏమనుకుంటుందో మీకు వినబడదు, కానీ తర్వాతి ప్రొడక్షన్ డైరెక్టర్ ఫోన్ చేసి "అతను ఎలా ఉంటాడు?" అని అడిగేది ఆవిడనే.

మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన వాళ్ళని బయట నలభై నిమిషాలు నిలబెట్టకండి. మేకప్ పూర్తిగా తీయడానికి టైము పడుతుంది అనుకుంటే, సగం మొహంతోనే వచ్చి, "పదిహేను నిమిషాలు, మార్చుకొచ్చేస్తా" అని చెప్పి వెళ్ళండి. వచ్చిన వాళ్ళని తోటి నటులకి పరిచయం చేయడం మర్చిపోకండి, "ఈయన మా మావయ్య" అని ఊరుకోకుండా "ఇతనే నాకు తమ్ముడిగా వేసింది, మూడో సీన్లో ఏడిపించేశాడు కదా" అని తోటివాణ్ణి నిలబెట్టి చెప్పండి. పొగడ్త పంచుకునే నటుణ్ణి ట్రూపంతా ప్రేమిస్తుంది.

ఎవరైనా "బాగా చేశారు" అంటే "అబ్బే, ఈ రోజు అస్సలు బాలేదండీ, రెండు చోట్ల డైలాగ్ మర్చిపోయా" అనకండి. వాళ్ళకి బాగుందనిపించింది, దాన్ని మీరు వాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నట్టే. థాంక్స్ చెప్పి ఆగిపోండి.

మెట్టు 4: వేరేవాళ్ళ షో చూసి గ్రీన్ రూమ్‌కి వెళ్తే ఏమనాలి

దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఉంటా, జనాలు ఎక్కువ తడబడేది ఇక్కడే.

నచ్చితే కష్టం లేదు, కానీ "సూపర్, అదరగొట్టారు" అని చెప్తే అది గాలికి పోతుంది. ఒక్క క్షణం పట్టుకోండి. "ఉత్తరం చదవడం ఆపేసి, కాయితం మడత పెట్టారు కదా, ఆ మడత పెట్టడానికి తీసుకున్న టైము, హాల్లో ఒక్కళ్ళు కూడా దగ్గలేదు అప్పుడు." ఇలాంటి మాట విన్న నటుడి మొహం చూడాలి. ఎందుకంటే ఆ మడత గురించి రిహార్సల్లో మూడు రోజులు కొట్టుకునుంటారు, ఎవరూ గమనించరనే అనుకుంటుంటారు.

నచ్చకపోతే? అబద్ధం చెప్పకండి, నిజమూ చెప్పకండి. నాటకం మొత్తం తేలిపోయినా అందులో నిజంగా మెచ్చుకోదగ్గ ఒక్క విషయం ఉంటుంది, కొత్తగా వచ్చిన కుర్రాడు కావచ్చు, సంగీతం కావచ్చు, ఒక ఎంట్రీ కావచ్చు, షో జరుగుతున్నప్పుడే దాన్ని వెతికి పెట్టుకోండి, ఆ ఒక్కటి చెప్పి "ఇంత పెద్ద పాత్ర మొయ్యడం మామూలు విషయం కాదు, అలిసిపోయుంటారు" అనండి. అది నిజమే కదా. "ఇంట్రెస్టింగ్‌గా ఉంది" అనే మాట మాత్రం వాడకండి, దాని అర్థమేంటో నాటకాలవాళ్ళందరికీ తెలుసు.

ఆ రాత్రి సలహాలివ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. "సెకండ్ హాఫ్ కొంచెం లాగ్ అనిపించింది, ఆ పాట తీసేస్తే..." అని మొదలుపెట్టే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు, నటుడు చెమటతో నిలబడుంటాడు, రేపు మళ్ళీ అదే షో ఆడాలి, డైరెక్టర్ కాని మనిషి దగ్గర్నుంచి వచ్చిన నోట్ (నటన మీద సూచన) వాడి బుర్రలో తిరుగుతూ రేపటి సీన్ చెడగొడుతుంది. వాళ్ళే గుచ్చి గుచ్చి అడిగితే "రన్ (ఈ షోలన్నీ) అయిపోయాక టీ తాగుతూ మాట్లాడుకుందాం" అనండి. దాంతో ఇంకోసారి కలవడానికి కారణం కూడా దొరికింది.

ఎంతసేపు ఉండాలంటే, ఐదు నిమిషాలు. వాళ్ళు బట్టలు మార్చుకోవాలి. "మేం పక్కనే కూర్చుంటున్నాం, వస్తావా?" అని వాళ్ళు పిలిస్తే అది వేరే సంగతి.

మెట్టు 5: టేబుల్ దగ్గర

మూల కుర్చీ కాదు, మధ్య కుర్చీ. చివర కూర్చుంటే ఒక్క పక్కవాడితోనే రాత్రంతా గడిచిపోతుంది. కాసేపయ్యాక గ్లాసు నింపుకోవడానికో, చేతులు కడుక్కోవడానికో లేచి, వచ్చేటప్పుడు వేరే చోట కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నలుగురు మాట్లాడుకుంటున్న గుంపులోకి వెళ్ళేటప్పుడు మాట్లాడ్డానికి తొందరపడకండి. నిలబడి వినండి, నవ్వాల్సిన చోట నవ్వండి, ఎవరో ఒకరు మీ వైపు తిరుగుతారు. ఇద్దరు మాత్రమే దగ్గరగా కూర్చుని తలలు ఆనించి మాట్లాడుకుంటుంటే మాత్రం వదిలేయండి, అది విడాకుల సంగతైనా కావచ్చు, పేమెంట్ రాని సంగతైనా కావచ్చు.

గోల ఎక్కువున్న చోట ఇంకో సమస్య ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకి తెలీకుండానే మన గొంతు పెంచేస్తాం, దీన్ని 1911లో ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ చెవి డాక్టర్ చెప్పాడు, అందుకే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మామూలు ఉద్యోగికి దాంతో నష్టం లేదు, కానీ రెండున్నర గంటలు హాలు చివరి వరసకి వినబడేలా మాట్లాడి వచ్చిన నటుడు, ఆ వెంటనే స్పీకర్ పక్కన కూర్చుని రెండు గంటలు అరిస్తే, రేపు మధ్యాహ్నం షోకి గొంతు బొంగురు. స్పీకర్‌కి దూరంగా, వీలైతే బయట నిలబడండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి రెస్ట్ అనుకుంటారు కొందరు, బలవంతంగా గుసగుసలాడినా కష్టమే, దగ్గరకొచ్చి మామూలు గొంతుతో మాట్లాడ్డమే మేలు.

ఎప్పుడు లేవాలి? బాగా నడుస్తున్నప్పుడే. ఆఖరున మిగిలే ముగ్గురిలో మీరు రోజూ ఉంటే అది పరిచయాలు పెంచుకోవడం కాదు, ఇంటికెళ్ళబుద్ధి కాకపోవడం. చెప్పి వెళ్ళండి, కానీ పదిహేనుమందికీ చేతులు కలుపుతూ అరగంట వీడ్కోలు కార్యక్రమం పెట్టకండి, మీరు ఎక్కువ మాట్లాడిన ఇద్దరికి చెప్తే చాలు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అప్పుడప్పుడూ ఒక సంభాషణ నిజంగా అంటుకుంటుంది, ఇద్దరికీ ఒకేలాంటి నాటకం చెయ్యాలనుంటుంది, అప్పుడు గడియారం చూడకండి. 1897 జూన్‌లో మాస్కోలో రష్యన్ నటుడు, డైరెక్టర్ స్టానిస్లావ్‌స్కీ, నాటక రచయిత నెమిరోవిచ్ డాన్‌చెంకో ఒక రెస్టారెంట్‌లో మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, అక్కణ్ణుంచి స్టానిస్లావ్‌స్కీ ఇంటికెళ్ళి మర్నాడు పొద్దున దాకా, దాదాపు 18 గంటలు మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది వాళ్ళిద్దరూ పెట్టిన మాస్కో ఆర్ట్ థియేటర్ మొదలైంది. జనాలు ఆ 18 గంటల్నే గుర్తుపెట్టుకుంటారు గానీ నాకు ముఖ్యంగా కనబడేవి వేరే రెండు. ఆ కలయిక గాల్లోంచి రాలేదు, మాట్లాడుకుందాం అని నెమిరోవిచ్ ముందుగా ఉత్తరం రాసి పిలిచాడు. ఇంకా, ఎవరి మాట ఎక్కడ చెల్లాలో ఆ రోజే పంచుకున్నారు: సాహిత్యం విషయంలో ఆఖరి మాట నెమిరోవిచ్‌ది, ప్రదర్శన విషయంలో స్టానిస్లావ్‌స్కీది. ఉత్సాహంలో "కలిసి ఏదైనా చేద్దాం బ్రో" అనుకుని విడిపోయే వందల రాత్రులకీ, దీనికీ తేడా అదే. మీకు కూడా అలా అంటుకుంటే లేచేముందు కనీసం ఒక్క విషయం తేల్చుకోండి, స్క్రిప్టు ఎవరు చదువుతారు, మళ్ళీ ఏ రోజు కూర్చుంటారు.

మెట్టు 6: "ఇప్పుడేం చేస్తున్నావ్?"

ఈ ప్రశ్న వస్తుంది. తప్పకుండా వస్తుంది, అదీ మీ చేతిలో ఏమీ లేనప్పుడే వస్తుంది. "ఖాళీనే అన్నా, ఏమైనా ఉంటే చెప్పు" అన్నారంటే అవతలివాడు ఇబ్బంది పడతాడు, సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. అలాగని "నాలుగు ప్రాజెక్టులు డిస్కషన్‌లో ఉన్నాయి" అని కోతలు కొయ్యకండి, ఇది చాలా చిన్న లోకం, రెండు ఫోన్లలో తేలిపోతుంది.

నిజం చెప్పండి, కానీ మీరు దేని మీద మనసు పెట్టారో అది చెప్పండి: "షోలేవీ లేవు ఇప్పుడు, పొద్దున ఆఫీసు, సాయంత్రాలు ఒక మోనోలాగ్ పట్టుకుని కూర్చున్నా, ముసలాయన పాత్ర, నడక కుదరట్లేదు." నడక దగ్గర ఎవరో ఒకరు అందుకుంటారు చూడండి, వాళ్ళ అనుభవం చెప్తారు, నిలబడి నడిచి చూపిస్తారు కూడా. మీరు ఖాళీగా ఉన్నారన్న సమాచారం అందింది, అడుక్కున్నట్టూ లేదు.

మీ గురించి చెప్పాక వెంటనే వాళ్ళని అడగండి. నటులకి ఇది కష్టం, నాకు తెలుసు.

మెట్టు 7: తెర వెనకవాళ్ళు, ఆఖరి రాత్రి సెట్ విప్పడం

సాధారణంగా నటుల టేబుల్ ఒకటి, టెక్నీషియన్ల టేబుల్ ఒకటి అవుతుంది, ఎవరూ చెప్పకుండానే. మీరు వెళ్ళి ఆ రెండో టేబుల్ దగ్గర కూర్చోండి. ఒక నటుడు ఏడాదికి మూడు నాలుగు నాటకాలు చేస్తే, ఒక లైట్స్ మనిషి అంతకన్నా చాలా ఎక్కువ ట్రూపులతో పనిచేస్తాడు, ఎవరు కొత్తగా ఏం మొదలుపెడుతున్నారో, ఎవరు డబ్బులు సరిగ్గా ఇస్తారో, ఎవరు ఎగ్గొడతారో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఆఖరి షో అయ్యాక సెట్ విప్పేటప్పుడు ఉండిపోండి. పెద్ద ప్రొఫెషనల్ థియేటర్లలో నటులు సెట్ ముట్టుకోకూడదనే రూల్స్ ఉంటాయి, అలాంటి చోట జోక్యం చేసుకోకండి. చిన్న ట్రూపుల్లో మాత్రం చేతులు తక్కువే ఎప్పుడూ. బూట్లు వేసుకుని, స్టేజ్ మేనేజర్ దగ్గరికెళ్ళి "ఏం చెయ్యమంటారు?" అని అడగండి, తెలివితేటలతో మీరే స్క్రూలు విప్పడం మొదలెట్టకండి. కేబుల్ మోచేతికి చుట్టకండి, లోపల మెలిపడి పాడైపోతుంది, ఎలా చుట్టాలో అడిగితే నేర్పిస్తారు, ఒకటి సవ్యంగా ఒకటి తిరగేసి వేస్తూ చుట్టే ఆ పద్ధతి ఒక్కటి వస్తే చాలు, వాళ్ళు మిమ్మల్ని మనవాడు అనేస్తారు. రాత్రి రెండింటికి ప్లైవుడ్ చెరో పక్క పట్టుకుని మెట్లు దిగుతూ మాట్లాడుకున్న మాటలు ఏ పార్టీలోనూ రావు.

మెట్టు 8: రివ్యూలు, చాడీలు, ఫోన్లు

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే (అక్కడి పెద్ద నాటకశాలలుండే చోటు) నటులు ఓపెనింగ్ రాత్రి సార్డీస్ రెస్టారెంట్‌లో కూర్చుని పొద్దున్న పేపర్ల రివ్యూల కోసం ఎదురు చూసేవాళ్ళట, అదొక ఆచారంలా ఉండేది. ఇప్పుడు రివ్యూ ఫోన్లోకే వస్తుంది, టేబుల్ దగ్గర కూర్చునుండగానే. మీరు చూసినా గట్టిగా చదవకండి. చాలామంది నటులు రన్ అయ్యేదాకా రివ్యూలు చదవరు, మంచివైనా సరే, ఎందుకంటే ఫలానా చోట బాగా చేశాడని రాస్తే మర్నాడు ఆ చోటికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది.

చాడీల విషయం. "అతనితో పనిచేశావుగా, ఎలా ఉంటాడు?" అని అడుగుతారు, ఊరికే అడుగుతారు కొందరు, పని ఇచ్చేముందు అడుగుతారు కొందరు. పనికి సంబంధించింది చెప్పండి, "టైము పాటిస్తాడు, డైలాగ్ లేటుగా పడుతుంది" లాంటివి. ఇంటి విషయాలు వద్దు. కానీ ఒకరి ప్రవర్తన ప్రమాదకరం అని మీకు సొంతంగా తెలిస్తే, ఆ మనిషితో పనికి వెళ్తున్న వాళ్ళని పక్కకి పిలిచి హెచ్చరించడం చాడీ కాదు.

ఫొటోలు తీస్తే అడిగి పెట్టండి. కాస్ట్యూమ్‌లో సెట్ ముందు దిగిన ఫొటో ఓపెనింగ్ కాకముందే పెట్టేసి సర్‌ప్రైజ్ పోగొట్టిన వాళ్ళ మీద ఉండే కోపం మామూలుగా ఉండదు.

మెట్టు 9: మందు, నిద్ర, దాటకూడని గీతలు

తాగకపోతే కలవలేం అనేది అబద్ధం. చేతిలో ఏదో ఒక గ్లాసుంటే అందులో ఏముందో ఎవరూ చూడరు, అడిగితే "రేపు షో ఉంది" చాలు, వివరణలు అక్కర్లేదు. టీ కాఫీలు కూడా లెక్క చూసుకోండి, కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, షో అయ్యాక ఉండే ఉద్వేగం మీద కాఫీ పోస్తే ఇక తెల్లారేదాకా సీలింగ్ చూడ్డమే.

ఇక దాటకూడని గీతలు. ఇది కొత్తవాళ్ళు, ముఖ్యంగా అమ్మాయిలు, జాగ్రత్తగా చదవండి, డైరెక్టర్లూ ప్రొడ్యూసర్లూ అంతకన్నా జాగ్రత్తగా చదవండి. "పాత్ర గురించి మాట్లాడదాం, రూముకి రా" అని రాత్రి పన్నెండింటికి ఎవరన్నా పిలిస్తే ఆ పాత్ర గురించి పొద్దున పదకొండింటికి రిహార్సల్ గదిలో మాట్లాడుకోవచ్చు. "తప్పకుండా సార్, రేపు రిహార్సల్ ముందు అరగంట వస్తాను" అని అక్కడే అందరి ముందూ చెప్పేయండి. నిజంగా పాత్ర గురించే అయితే సరే అంటారు. మొహం మాడ్చుకుంటే, ఆ పనిలో ఏముందో మీకు ముందే తెలిసింది. 2017లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ ప్రవర్తనా నియమావళి రాసుకున్నప్పటి నుంచి, పని తర్వాత జరిగే పార్టీలు కూడా పనిలో భాగమే, అక్కడ జరిగిందానికీ జవాబు చెప్పాలి అనే ఆలోచన నాటకరంగంలో బాగా పాకింది. మీ ట్రూపులో అలాంటిది లేకపోతే కనీసం ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

పైన ఉన్నవాళ్ళకి ఒక్క మాట: మీరు జోక్ వేస్తే కిందవాళ్ళు నవ్వడం, జోక్ బాగుండి కాకపోవచ్చు. మీరు ముందు లేచి వెళ్ళిపోతే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, బిల్లు కట్టి వెళ్తే ఇంకా మంచిది.

వెళ్ళడమెలా అనేది వచ్చేముందే ఆలోచించండి. ఆఖరి బండి ఎన్నింటికి, ఎవరితో వెళ్తున్నారు, ఇంట్లో ఎవరికి చెప్పారు. ఒకే వైపు వెళ్ళేవాళ్ళు కలిసి వెళ్ళే అలవాటు ట్రూపుల్లో ఉంటే మరీ మంచిది, అసలు సిసలు స్నేహాలు కూడా ఆ దారిలోనే అవుతాయి.

మెట్టు 10: మర్నాడు పొద్దున

రాత్రి కలిసింది సగం పనే. నిద్ర లేచాక, మర్చిపోకముందు, ఫోన్లో నోట్ రాసుకోండి: పేరు, ఎక్కడ కలిశారు, వాళ్ళు దేని గురించి ఉత్సాహంగా మాట్లాడారు. ఇంకేం వద్దు.

తర్వాత మెసేజ్, ఒకటే, చిన్నది. "నిన్న కలవడం బాగుందండీ. మీరు చెప్పిన ఆ ముసుగుల వర్క్‌షాప్ లింకు దొరికింది, పంపుతున్నా." ఏదో ఒకటి ఇవ్వాలి అందులో, లింకు, పుస్తకం పేరు, ఫొటో, వాళ్ళు వెతుకుతున్న దర్జీ నంబరు. ప్రొఫైల్ ఫొటోలూ వీడియో రీలూ ఆ మెసేజ్‌కి తగిలించకండి. రాత్రి ఎవరన్నా "పంపు చూద్దాం" అని వాళ్ళంతట వాళ్ళే అంటే మాత్రం ఆ రోజు మధ్యాహ్నంలోపే పంపండి, మూడో రోజుకి వాళ్ళు అన్న సంగతే మర్చిపోతారు.

జవాబు రాకపోతే రాలేదంతే. టెక్ వీక్‌లో (ఓపెనింగ్ ముందు లైట్లు, సౌండ్ కలిపి రిహార్సల్ చేసే వారం) ఉన్న మనిషికి సొంత ఇంటివాళ్ళకి జవాబివ్వడానికే టైముండదు.

మెట్టు 11: ఎవరితో ఎంత దూరం

అమెరికన్ సోషియాలజిస్టు మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక సంగతి బయటపెట్టాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్ళని అడిగితే, ఆ కబురు చెప్పింది ఎక్కువగా రోజూ కలిసే ప్రాణస్నేహితులు కాదు, అప్పుడప్పుడూ కనబడేవాళ్ళు. మన దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ తెలుసు కదా, కొత్త కబురు దూరం నుంచే రావాలి. కాబట్టి ఏడాదికి రెండుసార్లు పలకరించే వంద మంది ఉండడం దండగ కాదు.

కానీ దానికి రెండో వైపు కూడా ఉంది, అదీ మన ఫీల్డు నుంచే. బ్రయాన్ ఉజ్జీ, జారెట్ స్పైరో అనే ఇద్దరు పరిశోధకులు 1945 నుంచి 1989 దాకా వచ్చిన బ్రాడ్‌వే మ్యూజికల్స్‌లో (పాటల నాటకాల్లో) ఎవరు ఎవరితో పనిచేశారో మొత్తం లెక్కలు తీసి 2005లో ప్రచురించారు. అందరూ ఒకరికొకరు కొత్తైతే సరిగ్గా ఆడలేదు, అందరూ పాతవాళ్ళే అయిపోయి లోకమంతా ఒకే ముఠా అయినప్పుడూ ఆడలేదు, మధ్యస్థంగా కలిసినప్పుడే హిట్లు వచ్చాయి. మీ రాత్రుళ్ళకి దీన్ని ఇలా వాడుకోండి: మీ ట్రూపువాళ్ళతో రెండుసార్లు కూర్చుంటే మూడోసారి మీకెవరూ తెలియని షోకి ఒక్కరే వెళ్ళండి, అక్కడ నచ్చిన మనిషిని మీ వాళ్ళకి పరిచయం చెయ్యండి. ఇద్దర్ని కలిపినవాణ్ణి ఆ ఇద్దరూ గుర్తుపెట్టుకుంటారు.

ఫెస్టివల్స్ ఇందుకే పనికొస్తాయి. స్కాట్లండ్‌లో జరిగే ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవం 1947లో ఎవరూ పిలవకుండానే వచ్చి ఆడిన ఎనిమిది ట్రూపులతో మొదలైంది, ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ ఫెస్టివల్ కూడా అదే ఏడాది. ఇలాంటి చోట్ల పగలు కరపత్రాలు పంచుతూ క్యూలో నిలబడినప్పుడు అయ్యే పరిచయాలు రాత్రి పార్టీలకన్నా గట్టివి. మీ షోకి రమ్మని అందర్నీ లాగే బదులు మీరు వాళ్ళ షోలకి వెళ్ళండి, పదిహేనుమంది మాత్రమే ఉన్న హాల్లో మూడో వరసలో మీరు కనబడితే ఆ మనిషికి జన్మంతా గుర్తుంటుంది.

మెట్టు 12: పని అడగడం

అడగొద్దని అన్నది రాత్రిపూట. పగలు, మెసేజ్‌లోనో ఫోన్లోనో, సూటిగా అడగండి. తిప్పి తిప్పి అడిగితే అవతలివాళ్ళకి విసుగు. ఇలా: "మీరు ఫలానా నాటకం చేస్తున్నారని విన్నాను. అందులో చిన్న తమ్ముడి పాత్రకి ఆడిషన్ ఇవ్వాలనుంది. ఆ నెలలో సాయంత్రాలు ఖాళీ. మీరు చూసిన మొన్నటి నాటకంలో గుమస్తాగా వేసింది నేనే. కుదరకపోయినా ఫర్వాలేదండీ, షోకి తప్పక వస్తాను." ఏ పాత్ర, ఎప్పుడు ఖాళీ, ఎక్కడ చూశారు, కాదనడానికి దారి. కాదంటే, అన్నట్టుగానే షోకి వెళ్ళండి. టికెట్ కొనుక్కుని వెళ్ళండి, పాసు అడక్కండి.

రాత్రుళ్ళు ఉండలేని వాళ్ళకి

ఇంట్లో చంటిపిల్ల ఉంది, పొద్దున ఆరింటికి డ్యూటీ ఉంది, ఊరి చివర ఇల్లు, లేదా గోల పడదు, ఇవన్నీ మామూలే, వీటివల్ల కెరీర్ ఆగిపోకూడదు. రిహార్సల్‌కి ఇరవై నిమిషాలు ముందు వెళ్ళండి, ఆ టైములో స్టేజ్ మేనేజర్, డైరెక్టర్, ఇంకో ఇద్దరు మాత్రమే ఉంటారు, రాత్రి గుంపులో గంట పట్టే పరిచయం అక్కడ కుర్చీలు సర్దుతూ అయిపోతుంది. బ్రేకుల్లో ఫోన్ బయటికి తీయకండి. వారానికోసారి మాత్రం, షో అయ్యాక సరిగ్గా అరగంట, "అరగంట ఉంటా" అని ముందే చెప్పి కూర్చుంటే మధ్యలో లేచారని ఎవరూ నొచ్చుకోరు. మీరు ట్రూప్ నడిపేవాళ్ళయితే ఒక్క పని చెయ్యండి: రన్‌లో ఒక్క రోజైనా ఆ కూర్చోవడం మధ్యాహ్నం షో తర్వాత పెట్టండి, మందు లేకుండా, పిల్లల్ని తీసుకురమ్మని చెప్పి. ఇన్నాళ్ళూ ఎవరెవరు రాలేకపోయారో ఆ రోజు వచ్చినవాళ్ళని చూస్తే మీకే తెలుస్తుంది.